శంఖం నుంచి సబ్‌వూఫరు దాకా - ఒక బూర కథ

మన ఊళ్ళలో ‘మైకు’ అనేది ఒక తమాషా మాట. నిజానికి మైకు అంటే మాట్లాడేవారి నోటి ముందు ఉండే పరికరం. కాని “రామాలయం దగ్గర మైకు పెట్టారు” అని ఎవరైనా అంటే మన మనసులో మెదిలేది అది కాదు. వేపచెట్టు కొమ్మకో, కరెంటు స్తంభానికో కట్టిన బూడిదరంగు బూర! శ్రీరామనవమి పందిరికి, పెళ్ళికి, తిరునాళ్ళకు, ఎన్నికల ప్రచారానికి అన్నిటికీ అదే బూర. ఏ పాట వేశారో తెలియకముందే ‘ఊళ్ళో ఏదో విశేషం ఉంది’ అని పొలంలో ఉన్నవాడికి కబురు చేర్చేది అదే.

వృత్తిరీత్యా నేను ఇంజనీరుని. రాస్ అల్ ఖైమాకు వచ్చి పదిహేనేళ్ళు దాటింది. తీరిక దొరికితే చెక్కపని, సౌండు పని నాకు సరదా. ఆ సరదాతోనే మా హాలు మూలలో ఛాతీ ఎత్తున ఒక బూర సబ్‌వూఫరు కట్టాను. ఇంటికి వచ్చిన మిత్రులందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: “దుకాణంలో అడుగున్నర పెట్టె దొరుకుతుండగా ఈ బీరువా ఎందుకండీ?” రెండు ముక్కల్లో చెప్పగలిగే జవాబు కాదది. దాని వెనుక నూరేళ్ళు దాటిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మన తెలుగువారికీ మంచి చోటే ఉంది. ఈ ఉగాది సంచికలో ఆ కథ ముచ్చటించుకుందాం.

గాలికి పట్టు దొరకాలి

ముందుగా శంఖాన్ని తీసుకోండి. ఊదే చోట చిన్న రంధ్రం. అక్కడి నుంచి మెలికలు తిరుగుతూ, క్రమంగా వెడల్పవుతూ బయటికి తెరుచుకుంటుంది. ఊదేవారి పెదవుల దగ్గర పుట్టే కదలిక చాలా చిన్నది. అయినా ఆ నాదం ఊరి చివరికి వినపడుతుంది. జాతరలో ఊదే కొమ్ములోనూ, సన్నాయి చివర అమర్చే అణసులోనూ ఇదే సూత్రం.

పడవ నడిపేవాడిని అడిగితే దీని రహస్యం చెబుతాడు. సన్నటి కర్రతో నీటిని వెనక్కి నెడితే నీరు పక్కలకు జారిపోతుంది, పడవ కదలదు. వెడల్పాటి తెడ్డుతో నెడితే పట్టు దొరుకుతుంది. గాలి కూడా అంతే. కంపించే చిన్న పొర ఒక్కటే ఉంటే దాని ముందున్న గాలి పక్కలకు జారిపోతుంది. దానికి ఒక బూర తగిలిస్తే గాలి జారిపోవడానికి దారి ఉండదు. చిన్న పొర చేసే పని మెల్లమెల్లగా పెద్ద మూతికి బదిలీ అవుతుంది. బూర శక్తిని పుట్టించదు. పుట్టిన శక్తి వృథా కాకుండా చూస్తుంది.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. స్వరం ఎంత కిందికి దిగితే దాని తరంగం అంత పొడవు. సెకనుకు 1,000 కంపనాల స్వరానికి తరంగం పొడవు జానెడున్నర. అదే 40 కంపనాల స్వరానికి 8.6 మీటర్లు! బూర మూతి చుట్టుకొలత దాదాపు తరంగమంత పొడవు ఉంటేనే ఆ స్వరాన్ని బాగా మోయగలదు. అందుకే సన్నాయి పై స్వరాలను పట్టుకుంటే, కింది స్వరాల పని డోలు చూసుకుంటుంది. మన మేళం కూర్పులోనే ఈ లెక్క ఉంది. కాగితం మీద ఈ లెక్కను ఆర్థర్ గోర్డన్ వెబ్‌స్టర్ అనే అమెరికా భౌతికశాస్త్రవేత్త 1919లో ప్రచురించాడు. నిర్ణీత దూరానికొకసారి వైశాల్యం రెట్టింపవుతూ పోయే బూర ఎంత ప్రయోజనకరమో 1924లో హన్నా, స్లెపియన్ అనే ఇద్దరు ఇంజనీర్లు వివరించారు.

మచిలీపట్నం నుంచి మద్రాసుకు

లెక్కలు తేలకముందే బూరను నమ్ముకుని ఆస్తిని పణంగా పెట్టిన తెలుగువారు ఒకరున్నారు. ఆయన రఘుపతి వెంకయ్య గారు. 1869లో మచిలీపట్నంలో పుట్టి, మద్రాసు వెళ్ళి ఫోటో స్టూడియో నడిపారు. 1910లో ఆయన ‘క్రోనోమెగాఫోన్’ అనే యంత్రాన్ని తెప్పించారు. అది ఫ్రాన్సులోని గోమోఁ కంపెనీ తయారీ. తెర మీద బొమ్మ ఆడుతుంటే, దానికి జతగా గ్రామఫోను ప్లేటు తిరిగి శబ్దం వినిపించేది. దానికి ముప్పై వేల రూపాయలు ఖర్చయిందని సినీ చరిత్రకారులు రాస్తారు. ఆనాటికి అదెంత మొత్తమో ఊహించండి!

ఇక్కడ నాలాంటి ఇంజనీర్లను ఆకట్టుకునే సంగతి మరొకటి ఉంది. ఆ రోజుల్లో సభాభవనాలకు సరిపోయే ఎలక్ట్రానిక్ ఆంప్లిఫయరు లేదు. మరి వందలమందికి పాట వినపడేదెలా? ఆ యంత్రంలో ఒత్తిడిగాలిని వాడుకున్నారు. ప్లేటు మీద సూది కదలికకు తగినట్టు ఒక చిన్న కవాటం తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. దాని గుండా వచ్చే ఒత్తిడిగాలి పెద్ద బూరలోకి పోయి శబ్దమవుతుంది. అంటే కరెంటు చేయాల్సిన పనిని గాలి, బూర కలిసి చేశాయన్న మాట.

వెంకయ్య గారు ఆ యంత్రంతో మద్రాసులోనే కాక ఆంధ్ర ప్రాంతంలోనూ, సింహళం, బర్మాలలోనూ ప్రదర్శనలు ఇచ్చారు. తర్వాత మద్రాసులో గెయిటీ, క్రౌన్, గ్లోబ్ థియేటర్లు నడిపారు. ఆయన కుమారుడు రఘుపతి ప్రకాశ్ గారు 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ మూకీ చిత్రం తీశారు. వెంకయ్య గారిని తెలుగు సినిమా పితామహుడని మనం గౌరవించుకుంటున్నాం. ఆయన పేరిట ప్రభుత్వ పురస్కారం కూడా ఏర్పడింది. కాని తెలుగు నాట మూకీ నిర్మాణం మొదలవకముందే ఆయన శబ్దంతో కూడిన బొమ్మను జనానికి చూపించారన్న సంగతి చాలామందికి గుర్తుండదు.

అన్నట్టు, మచిలీపట్నానికీ మనం ఉన్న ఈ సముద్రానికీ పాత చుట్టరికం ఉంది. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యపు ఓడలు మచిలీపట్నం రేవు నుంచి సరుకులతో బందర్ అబ్బాస్‌కు వచ్చేవి. ఆ రేవు హోర్ముజ్ జలసంధికి అవతలి ఒడ్డున, మన రాస్ అల్ ఖైమాకు ఉత్తరాన ఉంది. మనవాళ్ళు ఈ నీళ్ళకు కొత్తవాళ్ళేమీ కారు.

వాట్లు కరువైన రోజులు

విద్యుత్తుతో నడిచే లౌడ్ స్పీకరు కథ అమెరికాలో ఊపందుకుంది. పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిధామ్ అనే ఇద్దరు కాలిఫోర్నియాలో తీగచుట్ట కదిలే పరికరానికి గ్రామఫోను బూర తగిలించి 1915 క్రిస్మస్ ముందు రోజు శాన్ ఫ్రాన్సిస్కోలో బహిరంగంగా వినిపించారు. 1919లో శాన్ డియేగోలో అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ దాదాపు యాభై వేల మందితో మాట్లాడింది అలాంటి బూరల ద్వారానే.

దీన్ని మన చరిత్రతో పోల్చి చూడండి. రెండేళ్ళు తిరగకముందే, 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ సంఘం సమావేశం జరిగింది. గాంధీగారిని చూడడానికి జనం పోటెత్తారు. అప్పటికి మన సభల్లో లౌడ్ స్పీకర్లు లేవు. వచ్చినవారిలో చాలామంది ఆయనను చూశారే కాని మాట వినలేదు. 1930లలో జాతీయ సభలకు లౌడ్ స్పీకర్లు వచ్చాయి. ఆనాటి ఫోటోల్లో నాయకుల ముందున్న మైకుల మీద ‘చికాగో రేడియో’ అనే పేరు కనిపిస్తుంది. పేరు చికాగోదే కాని, సంస్థ మన దేశపు మోత్వానే కుటుంబానిది!

సినిమాకు వస్తే, 1926లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు శబ్దచిత్రాల కోసం కొత్త బూరలు తెచ్చారు. 1931 మార్చిలో ‘ఆలం ఆరా’, 1932 ఫిబ్రవరి 6న హెచ్.ఎం. రెడ్డి గారి ‘భక్త ప్రహ్లాద’ విడుదలయ్యాయి. తెర బొమ్మ మన భాషలో మాట్లాడడం మొదలైంది. ఆ తరం ఆంప్లిఫయర్లకు ఉన్న శక్తి చాలా తక్కువ. ఇవాళ మన కారులో ఉన్నంత కూడా ఉండేది కాదు. అయినా హాలంతా వినపడిందంటే ఆ ఘనత బూరదే.

బూర ఎంతవరకు పోగలదో చూడాలనుకున్నవారు లండన్ సైన్స్ మ్యూజియంలో ఉండేవారు. రోడెరిక్ డెన్మన్ అనే ఆయన అక్కడ 1930 ప్రాంతంలో 27 అడుగుల పొడవు, 7 అడుగులకు పైబడిన చదరపు మూతి ఉన్న బూర కట్టించాడు. అది 32 హెర్ట్జ్ దాకా పలకాలని ఆయన లెక్క. జనం అక్కడికి వచ్చి రేడియో వినేవారు. 1949లో అది చాలావరకు ధ్వంసమైంది. 2014లో దాన్ని మళ్ళీ కట్టి వినిపించారు.

అంత బూర ఇంట్లో ఎవరు పెట్టుకోగలరు? దీనికి ఉపాయం పాల్ క్లిప్ష్ అనే అమెరికా ఇంజనీరుకు తట్టింది. బూరను మడతలు పెట్టి పెట్టెలో ఇమిడ్చి, గది మూలకు చేర్చాడు. రెండు గోడలు, నేల కలిసే మూల తానే బూరకు చివరి భాగమవుతుంది. ఆ లెక్కన మూతి వైశాల్యం ఎనిమిదో వంతు ఉంటే చాలు. అర్కాన్సాస్ రాష్ట్రంలోని హోప్ అనే చిన్న ఊళ్ళో ఆయన 1946లో కంపెనీ పెట్టాడు. ఆ ‘క్లిప్ష్‌హార్న్’ డెబ్బై ఏళ్ళు దాటినా తయారవుతూనే వచ్చింది.

డోలుకు రెండో పక్క

ఇప్పుడు మన ఊరి మైకు దగ్గరికి మళ్ళీ వద్దాం. టూరింగ్ టాకీసు డేరా మీద కట్టిన బూర పాట ఎత్తుకుంటే చుట్టుపక్కల పల్లెలకు ఆట వేళయిందని తెలిసేది. అది కూడా మడతపెట్టిన బూరే. గొట్టం లోపలికి పోయి, వెనక్కి తిరిగి, మళ్ళీ ముందుకు వస్తుంది. కాని దాని మూతి అడుగున్నర వెడల్పే. లెక్క ప్రకారం అది సుమారు 250 హెర్ట్జ్‌కు దిగువన చేతులెత్తేస్తుంది. మనిషి మాట అర్థం కావడానికి అది చాలు. ఊరి మైకుకు కావలసింది కూడా అదే. తక్కువ కరెంటు, ఎక్కువ దూరం, స్పష్టమైన మాట.

పాట విషయంలో మాత్రం అది ఒక పన్ను వసూలు చేసింది. మృదంగం ఎడమ పక్క, డోలు ఎడమ పక్క పలికే బరువైన స్వరం చాలావరకు 200 హెర్ట్జ్‌కు దిగువనే ఉంటుంది. ఆ స్వరం ఆ బూరలోంచి బయటికే రాదు. మా తరం వారందరం ఘంటసాల గారి పాటలను, పెళ్ళిళ్ళలో సన్నాయి రికార్డులను అలా సగం తాళంతోనే విన్నాం. అయినా మనకు లోటు తెలియలేదు. ఎందుకంటే అదే పెళ్ళిలో, అదే తిరునాళ్ళలో నిజమైన డోలు, నిజమైన డప్పు పక్కనే మోగేవి. చెవి ఆ ఖాళీని తనే పూరించుకునేది.

మన పిల్లల పరిస్థితి వేరు. ఈ దేశంలో పుట్టి పెరిగినవారు డప్పును, డోలును వింటున్నది ఫోనులో. అరంగుళం కూడా లేని ఫోను స్పీకరు ఆ పాత బూరకన్నా ఇంకా పైనే ఆగిపోతుంది. పూరించుకోవడానికి వారి జ్ఞాపకంలో అసలు శబ్దం లేదు. డప్పంటే ‘టక టక’ అనుకునే పిల్లలు మన మధ్య పెరుగుతున్నారు. నేను ఆ బీరువా కట్టడానికి అసలు కారణం ఇదే.

బూర ఎందుకు మరుగున పడింది?

1925లో రైస్, కెల్లాగ్ అనే ఇంజనీర్లు బూర అక్కర్లేని కాగితపు శంకువు స్పీకరును లోకానికి చూపించారు. 1954లో ఎడ్గార్ విల్చర్ గాలి చొరబడని చిన్న పెట్టెలోంచి లోతైన స్వరం తెప్పించాడు. దానికి వాట్లు ఎక్కువ కావాలి. సామాన్యమైన స్పీకరు తనకిచ్చిన కరెంటులో నూటికి ఒక వంతును మాత్రమే శబ్దంగా మారుస్తుంది. మిగిలినదంతా వేడి. అయితేనేం, ట్రాన్సిస్టర్లు వచ్చాక వాట్లు చవకయ్యాయి, పట్టణాల్లో గదులు ఇరుకయ్యాయి. చోటు మిగుల్చుకుని కరెంటు ఖర్చుపెట్టడం లాభసాటి అయింది. 1974లో ‘ఎర్త్‌క్వేక్’ అనే ఇంగ్లీషు సినిమాకు భూకంపపు గుండెదడ తెప్పించడానికి మళ్ళీ పెద్ద పెద్ద బూరలనే థియేటర్లలోకి మోశారు కాని, ఇళ్ళలోంచి మాత్రం బూర వెళ్ళిపోయింది.

ఇందులో తప్పొప్పుల ప్రసక్తి లేదు. కింది స్వరం కావాలంటే చోటైనా ఇవ్వాలి, కరెంటైనా ఇవ్వాలి. కరెంటు లేని పెద్దలు చోటిచ్చారు. చోటు లేని మనం కరెంటిస్తున్నాం.

రాస్ అల్ ఖైమాలో ఒక బూర

అదృష్టవశాత్తు మాకు చోటుంది. నఖీల్ వైపు ఒక పాత విల్లాలో ఉంటున్నాం. హాలు పెద్దది. ఒక మూల తలుపులూ కిటికీలూ లేకుండా ఖాళీగా ఉంది. బూరకు కావలసింది అలాంటి మూలే.

ఆసక్తి ఉన్నవారి కోసం కొలతలు చెబుతాను. లక్ష్యం 40 హెర్ట్జ్. ఏసీ గదిలో శబ్దవేగం సెకనుకు సుమారు 345 మీటర్లు. బయట వేసవిలో 45 డిగ్రీల ఎండకైతే అది 357 దాకా పోతుంది. మన ఊరి వేడి శబ్దాన్ని కూడా పరుగెత్తిస్తుంది! ఆరుబయటైతే ఈ బూర మూతి దాదాపు 6 చదరపు మీటర్లుండాలి. మూలలో పెడితే 0.74 చాలు. నేను నిలువు 120, వెడల్పు 60 సెంటీమీటర్లుగా 0.72 చదరపు మీటర్లకు కట్టాను. వెడల్పు 60 దాటితే మా తలుపులోంచి పట్టదు మరి. పదిహేను అంగుళాల స్పీకరు ముందు గొంతు 300 చదరపు సెంటీమీటర్లు. అక్కడి నుంచి ప్రతి 47 సెంటీమీటర్లకు వైశాల్యం రెట్టింపవుతూ పోవాలి. నాలుగున్నర రెట్టింపులకు మూతి వస్తుంది. మొత్తం దారి 2 మీటర్ల 20 సెంటీమీటర్లు. దాన్ని మీటరు లోతున్న పెట్టెలో మడతలు పెట్టాను.

పడవల పనికి వాడే 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ మూడు షీట్లు పట్టింది. కోత పని ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కేరళ మేస్త్రి గారు చేసిపెట్టారు. ‘ఇందులో అరలేవి సార్?’ అని ఆయన రెండుసార్లు అడిగారు. వేసవిలో జిగురు పట్టుకోకముందే ఆరిపోతుంది, చెమటకు పెన్సిలు గీతలు చెరిగిపోతాయి. అందుకని పని డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా శుక్ర, శనివారాల్లో సాగింది. ఎక్కడా సూది మొనంత సందు ఉండకూడదు. సందుంటే గాలి ఈల వేస్తుంది. లోపల అడ్డు బద్దలు కొట్టి గోడలు వణకకుండా చేశాం. తయారయ్యాక తొంభై కిలోల బరువు తూగింది. నలుగురు మిత్రులు పట్టి మూలకు చేర్చారు. మా ఆవిడ వారికి పెసరట్టు ఉప్మా పెట్టి, దాని మీద పరవడానికి ఒక కలంకారీ గుడ్డ వెతికింది.

దీనికి యాభై వాట్ల ఆంప్లిఫయరు ఉంది. మామూలుగా వినేటప్పుడు అందులో ఒకటి రెండు వాట్లు దాటదు. కాని కింది స్వరానికి గోడలు ఒక లెక్క కాదు. అందుకని ముందుగా పక్కింటి ఈజిప్టు కుటుంబాన్ని అడిగి, వారి హాలులో నేను నిలబడి, ఇక్కడ మా అబ్బాయి చేత మెల్లమెల్లగా శబ్దం పెంచుతూ వాయింపించాను. వారింట వినపడడం మొదలైన చోట మా నాబ్ మీద ఎర్ర గీత గీశాం. ఆ గీత దాటం. నమాజు వేళ, రాత్రి తొమ్మిది తర్వాత అసలు వేయం. ఇలాంటిది కట్టాలనుకునేవారు రంపం కొనకముందే ఇరుగుపొరుగుతో మాట్లాడుకోవాలని నా సలహా.

మా నాన్నగారు పోయిన చలికాలంలో మూడు నెలలు ఉండి వెళ్ళారు. ఊళ్ళో శ్రీరామనవమికి ఏళ్ళ తరబడి మైకు సెట్టు ఏర్పాటు చూసినవారాయన. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా గారి నాదస్వరం రికార్డు ఒకటి ఆయన కోసం పెట్టాను. కాసేపు విని, “ఇన్నాళ్ళూ మైకులో డోలుకు ఒక పక్కే వినపడేదన్న మాట!” అన్నారు. మా చిన్నమ్మాయి లోపలి గదిలోంచి వచ్చి పెట్టె మీద అరచేయి ఆనించి నిలబడింది. “తాతయ్యా, డోలు ఇంత పెద్దగా ఉంటుందా?” అని అడిగింది. పెద్దగా ఉండడం కాదమ్మా, ఇంత దగ్గరగా ఉంటుంది అని ఆయన తన ఊరి పెళ్ళి మేళాల సంగతులు ఎత్తుకున్నారు. ఆ సాయంత్రం టీవీ పెట్టలేదు.

ఇప్పుడు నెలకొక శుక్రవారం సాయంత్రం ఐదు గంటలకు మన సంఘం పిల్లలు పది పన్నెండు మంది మా ఇంట చేరుతున్నారు. ఒక వారం డప్పు, ఒక వారం మృదంగం, ఒక వారం పూర్వం ఉడుము చర్మంతో బిగించే కంజిర. ముందు ఫోనులో వినిపిస్తాం, తర్వాత బూరలో. తేడా ఏమిటో వారే చెబుతారు. ఆ వాద్యం ఏ ఊళ్ళో, ఏ సందర్భంలో వాయిస్తారో పెద్దల్లో ఎవరో ఒకరు చెబుతారు. బూర చేయలేని పని అదొక్కటే కనుక, వచ్చే తల్లిదండ్రులు తమ ఊరి కబుర్లతో రావాలని మనవి. ప్లైవుడ్ కొలతల కాగితం కావాలన్నవారికి సంతోషంగా ఇస్తాను.